లాస్ట్ ఎంతన్నా?

ఎండాకాలం గడిచిపోయాక మూలన పడున్న కూలర్‌ని తుడిచి, డాబా మీద మంచి వెలుతురులో నాలుగు ఫొటోలు తీసి, ఓఎల్‌ఎక్స్‌లోనో ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్‌లోనో పెట్టారనుకోండి. ధర 8,500 అని రాశారు. కాసేపటికే ఫోన్ మోగుతుంది. "లాస్ట్ ఎంతన్నా?" మీరింకా జవాబు టైపు చేస్తుండగానే ఇంకొకరు. "3000కిస్తరా?" నమస్తే లేదు, పేరు లేదు, కూలర్ ఎలా ఉందన్న ప్రశ్న లేదు. ఒంట్లో సర్రుమంటుంది కదూ? ఇంత మంచి వస్తువుకి ఇంతేనా అనిపిస్తుంది. ఇవ్వనని కోపంగా రాసేద్దామా, అసలు జవాబే ఇవ్వకుండా ఊరుకుందామా, లేక పీడా పోయిందని ఇచ్చేద్దామా?

మా శాలిబండ, లాల్ దర్వాజా, గౌలిపురా ఇళ్లల్లో ఇప్పుడు ఇదొక నిత్యపు ముచ్చట. అందుకే మీతో తీరిగ్గా మాట్లాడాలనిపించింది.

పాతబస్తీలో పెరిగినవాళ్లకు తక్కువ ధర అడగడం వింతేమీ కాదు. చార్మినార్ పక్కనుంచి లాడ్ బజార్‌లోకి నడవండి. లక్క గాజుల సెట్టు చేతిలోకి తీసుకుని ఎంతని అడిగితే దుకాణదారు ఒక మాట చెబుతాడు. మా మేనత్త జంకు లేకుండా సగానికి అడిగేది. ఆయన నొచ్చుకునేవాడు కాదు. "బైఠో అమ్మా, ముందుగల్ల సరుకు చూడుండ్రి" అని స్టూలు ముందుకు జరిపేవాడు. ఇంకో నాలుగు పెట్టెలు తెరిచేవాడు. రాళ్లు వరస తప్పకుండా ఎలా కూర్చున్నాయో దీపం కింద తిప్పి చూపించేవాడు. అత్త లేచి రెండడుగులు వేసేది. ఆయన వెనక్కి పిలిచేవాడు. అలా ఎక్కడో ఒకచోట ఇద్దరూ ఆగేవాళ్లు. పొద్దున్నే బోణీ వేళైతే ఇంకాస్త దిగేవాడు. ఆ బేరంలో ఒకరిమీద ఒకరికి కోపం ఉండేది కాదు. సగానికి అడగడం అంటే మాట మొదలుపెట్టడమేనని అక్కడ అందరికీ తెలుసు.

ఫోన్‌లో స్టూలు లేదు. ముఖం లేదు, గొంతు లేదు, వెనక్కి పిలవడం లేదు. మిగిలింది ఒక్క అంకె. బజారులో నవ్వుతూ అన్నట్టుండే 3000, తెర మీద మొట్టికాయలా తగులుతుంది. కానీ అవతల మనిషి అదే మనిషి. లాడ్ బజార్‌లో నేర్చుకున్న అలవాటునే వేలితో టైపు చేస్తున్నాడు. కాబట్టి తక్కువ అడిగాడని మనసు కష్టపెట్టుకోకండి. అడిగింది ఎవరు, ఎందుకు అంత అడిగాడు, మీ దగ్గర ఆ వస్తువు ఇంకా ఎన్నాళ్లు కూర్చుంటుంది అన్న మూడింటినీ చూసుకుంటే జవాబు తేలిగ్గానే దొరుకుతుంది.

అడిగేవాళ్లలో పాత సామాన్ల వ్యాపారులు చాలామందే ఉంటారు. వాళ్లు మీ ఒక్కరికే కాదు, ఆ పూట కనిపించిన ప్రతి కూలర్‌కూ అదే 3000 పంపుతారు. వాళ్ల లెక్క వాళ్లకుంది. లోపల పంపు మార్చాలి, గడ్డి కొత్తది వేయాలి, రంగు కొట్టాలి, ట్రాలీ ఆటో కిరాయి ఇవ్వాలి, అమ్ముడుపోయేదాకా షెడ్డులో జాగా కావాలి, ఆపైన నాలుగు రూపాయలు మిగలాలి. ఆయన చెప్పింది టోకు ధర. దాన్ని మీ చిల్లర ధరతో పోల్చి బాధపడితే ప్రయోజనం లేదు. ఇల్లు ఖాళీ చేస్తున్నారు, నెలాఖరులోపు అన్నీ తీసేయాలి అనుకోండి, ఆ టోకు ధర అప్పుడు మంచి ధరే. ఒక్క మాటతో మంచమూ బీరువా కూలరూ కలిపి బండెక్కించుకుపోతాడు. తొందర లేకపోతే మర్యాదగా వద్దనేయండి.

ఇంకొకరు కూకట్‌పల్లి నుంచి అడుగుతారు. మన గల్లీలు మీకు తెలుసు. హరిబౌలి వెనక సందుల్లోకి ట్రాలీ రాదు, మలుపు దగ్గరే ఆగిపోతుంది. రెండో అంతస్తు నుంచి ఫ్రిజ్ దించాలంటే ఇరుకు మెట్లు, ఇద్దరు హమాలీలు. అక్కణ్నుంచి ఊరికి ఆ చివరకు మోసుకెళ్లాలి. ఆయన మీకు రెండువేలు తక్కువ చెబుతున్నాడంటే ఆ రెండువేలు తన జేబులో వేసుకోవడం లేదు, దారిలో పంచిపెడుతున్నాడు. అదే వస్తువు మీ పక్క వీధివాళ్లు తీసుకుంటే ఆ ఖర్చుండదు. అందుకే బరువైన సామాను ముందు మొహల్లా వాట్సాప్ గ్రూపులో పెట్టమంటాను. దగ్గరివాళ్లు ఎక్కువ ఇవ్వగలరు.

ఇక చూడకుండానే "లాస్ట్ ఎంత, ఫైనల్ ఎంత" అనేవాళ్లు. వాళ్లకు ఆఖరి ధర చెప్పకండి. ఫోన్‌లో చెప్పిన ఆఖరి ధర, మనిషి గడప దాటి లోపలికొచ్చేసరికి మొదటి ధర అయిపోతుంది. చక్రం అరిగిందని ఒక వంద, మూలన తుప్పుందని రెండు వందలు, అక్కణ్నుంచి దించుతూ పోతాడు. "వచ్చి చూడండి, నచ్చితే కూర్చుని మాట్లాడుకుందాం" అనండి. నిజంగా కొనేవాడు వెంటనే "ఎప్పుడు రమ్మంటరు?" అంటాడు. ఆ ప్రశ్న వేసినవాడు మొదట మూడువేలే అడిగినా సరే, వాడితో మాట కలపడం లాభం.

ధర తక్కువా ఎక్కువా అన్న మాట వచ్చినప్పుడల్లా నాకు మన ఊళ్లో జరిగిన ఒక పెద్ద బేరం గుర్తొస్తుంది. 1891. సిమ్లాలో నగల వ్యాపారి అలెగ్జాండర్ మాల్కం జాకబ్, ఇంపీరియల్ అనే వజ్రాన్ని ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు అమ్మజూపాడు. ఇప్పటి తూకంలో 184.75 క్యారెట్లు. మధ్యవర్తి నిజాం దగ్గర పనిచేసే ఆల్బర్ట్ ఆబిద్. ఇవాళ మనం ఆబిడ్స్ అంటున్న చోటుకు పేరిచ్చినవాడు ఆయనే. జాకబ్ మొదట చెప్పింది కోటీ ఇరవై లక్షలని రాస్తారు. నిజాం 46 లక్షలన్నాడు. సగంకంటే కూడా తక్కువ. మా మేనత్త కూడా అంత తక్కువకి అడిగి ఉండదు. జాకబ్ ఒప్పుకున్నాడు, సగం సొమ్ము 23 లక్షలు బయానాగా తీసుకున్నాడు. వజ్రం ఇంగ్లండ్ నుంచి రావాలి.

వజ్రం వచ్చింది. నిజాం చూసి నచ్చలేదన్నాడు. ఇంత ఖర్చేమిటని బ్రిటిష్ రెసిడెంట్ అడ్డుతగలడం కూడా దానికి ఒక కారణం. బయానా వాపసిమ్మంటే జాకబ్ ఇవ్వలేకపోయాడు. కేసు కలకత్తా హైకోర్టుకెక్కింది. జాకబ్ నిర్దోషిగా బయటపడ్డాడు, కానీ వ్యాపారం పోయింది, రాజుల దగ్గర పరపతి పోయింది. 1921లో బొంబాయిలో బీదవాడిగా చనిపోయాడు. వజ్రం చివరికి నిజాం దగ్గరే ఉండిపోయింది. కొన్నేళ్లకు ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కు తండ్రి పాత చెప్పు కొసలో అది దొరికిందని, దాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడని చెబుతారు.

ఈ కథలో నేను చూసేది వజ్రం మెరుపును కాదు. జాకబ్‌ను ముంచింది తక్కువ ధర కాదు. 46 లక్షల్లో కూడా ఆయనకు బోలెడు లాభముంది. ముంచింది షరతు తేల్చుకోకపోవడం. చూశాక నచ్చకపోతే వాపసు ఉందా లేదా? బయానా ఇచ్చాక అమ్మకం పూర్తయినట్టా, కానట్టా? కోర్టులో గొడవంతా దాని చుట్టూనే. మీ పాత ల్యాప్‌టాప్‌కు 12,000 ఇస్తానని ఒకరు, 14,000 ఇస్తానని ఒకరు అడిగారనుకోండి. పద్నాలుగు వాడు "వారం వాడి చూస్తా, బాగుంటే మిగతా సగం" అంటాడు. పన్నెండు వాడు ఇప్పుడే వచ్చి ఆన్ చేసి చూసుకుని, పూర్తి సొమ్మిచ్చి తీసుకుపోతానంటాడు. నేనైతే పన్నెండువేల వాడికిస్తాను. మీరూ అలాగే ఇవ్వండి.

ఆ వజ్రం కథ అక్కడితో అయిపోలేదు. ఉస్మాన్ అలీ ఖాన్ 1951లోనూ ఆ మరుసటేడూ తన నగలకు ట్రస్టులు పెట్టాడు. 1967లో ఆయన పోయాక, 1970లలో ట్రస్టీలు నగలు అమ్మాలనుకున్నారు. విదేశాల నుంచి కొనేవాళ్లు ముందుకొచ్చారు. దేశ సంపద బయటికి పోకూడదని ప్రభుత్వం పట్టుబట్టింది. కోర్టుల చుట్టూ ఏళ్లు గడిచాయి. చివరికి 1995లో భారత ప్రభుత్వమే ఆ వజ్రంతో సహా 173 నగలనూ సుమారు 218 కోట్లకు కొన్నది. అంతర్జాతీయ వేలంలో అయితే ఎన్నో రెట్లు వచ్చేదని అప్పట్లో తెలిసినవాళ్లు అన్నారు. మరి నిజాం వారసులు తక్కువకి ఇచ్చేసినట్టేనా?

నేనలా అనుకోను. వేలం ధర ఎంత పెద్దదైనా, ఆ వేలానికి దారి మూసి ఉన్నప్పుడు అది కాగితం మీది అంకె. ఎదురుచూసిన రెండు దశాబ్దాల్లో వాటాదారుల్లో ఎందరో ముసలివాళ్లయ్యారు, నగలు లాకర్లలో పడున్నాయి. నిజంగా చేతికొచ్చే ధర 218 కోట్లే. పైగా వాటిని 2001లో దారుల్‌షిఫాలోని సాలార్‌జంగ్ మ్యూజియంలో పెట్టినప్పుడు మామూలు జనం టికెట్టు కొనుక్కుని వెళ్లి చూడగలిగారు. ఒక ఊరి సొత్తు ఆ ఊరివాళ్ల కళ్లబడటానికి విలువ కట్టమంటే నేను చాలానే కడతాను.

అంత పెద్ద నగల సంగతి అటుంచి మన బీరువా దగ్గరికి వద్దాం. అక్కడా ఇదే చిక్కు. మనం తలలో పెట్టుకున్న ధరకు దారి ఉందా? మా వీధిలో ఒకామె అమ్మమ్మ కాలంనాటి టేకు బీరువా అమ్మకానికి పెట్టింది. అద్దం మీద చిన్న గీత, తలుపు మీద నెమలి చెక్కుడు. అందులోనే ఆమె పెళ్లిచీర దాచారు, పిల్లల జాతకాలు దాచారు. 40,000 అని రాసింది. వచ్చిన ప్రతి ఒక్కరూ 15, 18 అంటున్నారు. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది. కొనేవాడికి కనిపించేది చెక్క, పనితనం, తలుపు సరిగ్గా పడుతుందా లేదా అన్నది. జాతకాలు కనిపించవు, కనిపించాలని కోరడమూ న్యాయం కాదు.

మనుషుల స్వభావమే అంత. డేనియల్ కానమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు 1990లో ప్రచురించిన ఒక ప్రయోగం ఉంది. విద్యార్థుల్లో సగంమందికి మామూలు కాఫీ కప్పులు ఊరికే ఇచ్చారు. కప్పు దొరికినవాళ్లు ఎంతకు అమ్ముతారు, దొరకనివాళ్లు ఎంతకు కొంటారు అని అడిగారు. అమ్మేవాళ్లు చెప్పిన ధర కొనేవాళ్ల ధరకు రెండింతలకు పైగానే ఉంది. కప్పు చేతికొచ్చి ఎంతోసేపు కూడా కాలేదు! అమ్మమ్మ బీరువాకు 40 వేలు అనిపించడంలో వింతేముంది? ఆమెకు నేను చెప్పింది ఒక్కటే. ఆ జ్ఞాపకాలకు ధర అడగాలనిపిస్తే బీరువా అమ్మకండి, గోడ పక్కన ఉంచుకోండి. అమ్మాలనే ఉంటే చెక్క ధరకు ఇవ్వండి. ఆమె ఉంచుకుంది. నాకు సంతోషమైంది.

పాత వస్తువులకు ధర ఎలా దిగుతుందో చూడాలంటే పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజార్‌కు ఒక గురువారం వెళ్లి రండి. 1578లో కట్టిన ఆ వంతెన పక్కన, మూసీ ఒడ్డున, పాత తాళాలు, ఫ్యాన్లు, గ్రామఫోన్ ముక్కలు, ఇత్తడి సామాను, బూట్లు, ఏది కావాలన్నా నేల మీద పరిచి ఉంటుంది. పొద్దున చెప్పిన ధర వేరు, సాయంత్రం ధర వేరు. పొద్దున ఇంకా వంద కళ్లు పడాల్సి ఉంది, అందుకే గట్టిగా నిలబడతాడు. పొద్దుగుంకే వేళకు అమ్ముడుపోని సామానంతా మళ్లీ బండికెత్తి ఇంటికి మోయాలి, వచ్చే గురువారం మళ్లీ దించాలి. ఆ కిరాయీ ఆ నడుంనొప్పీ ధరలోంచి తీసేస్తాడు. వీళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందంతా ఆ తీసివేతలోనే ఉంది. మన ఇంట్లో మూలన కూర్చున్న వస్తువు కూడా ఊరికే కూర్చోదు. జాగా తింటుంది, దుమ్ము తింటుంది, ఫోన్లయితే నెలనెలా పాతబడతాయి. కూలరైతే మార్చిలో, ఎండలు ముదరక ముందు అడిగిన ధర వస్తుంది. మృగశిర కార్తె దాటి వానలు పడ్డాక మూడువేలు అడిగినవాడు మిమ్మల్ని మోసం చేయడం లేదు. వచ్చే ఎండాకాలం దాకా దాన్ని మీ బదులు తాను దాచుకుంటానంటున్నాడు. అంత జాగా మీకూ ఉంటే మార్చి దాకా ఆగండి. లేకపోతే ఇచ్చేయండి.

ధర రాసేటప్పుడు ఒక చిన్న కిటుకు. ఈబేలో జరిగిన లక్షలాది బేరాలను మాథ్యూ బాకస్, థామస్ బ్లేక్, స్టీవెన్ టాడెలిస్ పరిశీలించారు. 2019లో అచ్చయిన వ్యాసం అది. సరిగ్గా వందల డాలర్ల గుండు అంకె పెట్టినవాళ్లకు, దాని పక్కనే విడి అంకె పెట్టినవాళ్లకంటే 5 నుంచి 8 శాతం తక్కువ ధరలు వచ్చాయి. కానీ ఆ బేరాలు 6 నుంచి 11 రోజులు ముందే వచ్చాయి, అమ్ముడుపోయే అవకాశమూ కొంచెం ఎక్కువే. గుండు అంకె చూస్తే "ఈయన తొందరలో ఉన్నాడు, దిగుతాడు" అని కొనేవాడికి అర్థమవుతుందన్నమాట. అందుకే నిజంగా తొందరుంటే 5,000 అని రాయండి. ఆగగలిగితే 5,350 అని రాసి, దాని మీద నిలబడండి. ఎంత దాకా దిగుతారో ఫొటో పెట్టకముందే కాగితం మీద రాసుకోవడం ఇంకా మంచిది. అర్ధరాత్రి వచ్చే మెసేజ్‌కు చిరాకులో జవాబివ్వడం తప్పుతుంది.

ఇక్కడొక జాగ్రత్త, ఇది గట్టిగా చెప్పాలి. తక్కువ అడిగేవాడిని చూసి భయపడకండి. అసలు అడగనివాడిని చూసి భయపడండి. వస్తువు చూడడు, బేరం ఆడడు, "మీరు చెప్పిన ధరే ఓకే, మా మనిషి వచ్చి తీసుకెళ్తాడు, డబ్బు ఇప్పుడే పంపుతా" అంటాడు. కొందరు సైన్యంలో పనిచేస్తున్నానని గుర్తింపు కార్డు ఫొటో కూడా పంపుతారు. తరువాత ఒక క్యూఆర్ కోడ్ వస్తుంది, స్కాన్ చేసి పిన్ కొడితే మీ ఖాతాలో సొమ్ము పడుతుందంటాడు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టారంటే మీ సొమ్ము పోతోందనే అర్థం. అలా జరిగితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. లాడ్ బజార్‌లో ఏ ఆడమనిషీ మొదటి ధరకే గాజులు కొనదు. కొన్నదంటే దుకాణదారు కూడా ఒకసారి నోటును వెలుతురుకు పెట్టి చూస్తాడు.

ఇంతదాకా చెప్పిందంతా వాడిన వస్తువుల సంగతి. చేత్తో చేసి అమ్మేవాటి దగ్గర మాత్రం నా మాట పూర్తిగా మారుతుంది. పాతబస్తీలో ఇళ్లల్లోనే మగ్గం మీద బట్ట బిగించి జర్దోజీ కుట్టే ఆడవాళ్లు, నిప్పుల మీద లక్క కరిగించి, గాజుగా చుట్టి, చల్లారకముందే రాళ్లు ఒక్కొక్కటీ అద్దే కుటుంబాలు ఉన్నాయి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వీళ్ల పిల్లలు ఇప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టి నేరుగా అమ్ముతున్నారు. మధ్యలో దుకాణం లేదు కాబట్టి తమకు నాలుగు రూపాయలు మిగులుతాయని ఆశ. వాళ్లకూ అవే మెసేజ్‌లు వస్తాయి. "సగానికిస్తరా అక్కా?"

కూలర్ ధర దిగితే పోయేది ఎప్పుడో ఖర్చయిపోయిన డబ్బు. జాకెట్టు మీది పని ధర దిగితే పోయేది రేపటి బియ్యం. లక్క ఖర్చు, రాళ్ల ఖర్చు, బొగ్గు, కళ్లు నొప్పెట్టేదాకా కూర్చున్న గంటలు, ఇవన్నీ కలిపాక వచ్చే అంకె కంటే కిందికి ఎవరడిగినా ఇవ్వకూడదు, పండగ ముందైనా సరే, బోణీ అయినా సరే. ఒకసారి దిగితే ఆ స్క్రీన్‌షాట్ పదిమందికి వెళ్తుంది. అందరూ అదే ధర అడుగుతారు, పక్కింటామె కూడా దిగాల్సి వస్తుంది, గల్లీ గల్లీకీ కూలి పడిపోతుంది. కొనేవాళ్లలో మీరూ ఉంటే, అంకె చెప్పేముందు ఈ పనికి ఎన్ని రోజులు పట్టిందని ఒక్కమాట అడగండి.

మా ఇంటి వెనక గల్లీలో మగ్గం పని చేసే ఒకామెకు ఇలాగే సగం ధర అడుగుతూ మెసేజ్ వచ్చింది. ఆమెకు పెద్దగా రాయడం రాదు. కూతురు కూర్చుని టైపు చేసింది: "అక్కా, ఈ పనికి జరీ, కుందన్ ఇంత, కూలి ఇంత. జరీ తగ్గించి కుడితే ధర తగ్గుతది. కూలి తగ్గదు. చిన్న డిజైన్ కావాలంటే చూపిస్త." అడిగినామె ఆ రోజుకు ఏ జవాబూ రాయలేదు. తల్లీకూతుళ్లు ధర మార్చకుండా, కింద ఒక వరస మాత్రం చేర్చారు: పని ఎన్ని రోజులు పట్టిందో.